కొవ్వొత్తులకు ఏ మైనము కొనవలెను?
సోయా మైనము, అడవి మైనము – ఎంపిక, సేకరణ

కొవ్వొత్తుల తయారీ కొద్ది పెట్టుబడితో ఇంటిలోనే సాగించదగిన పని. పొలము పనులు తగ్గిన రోజులలో నలుగురు కలిసి కూర్చుండి చేసికొనవచ్చును. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలోని మహిళా స్వయంసహాయక సంఘములకు ఇది అనువైన ఉపవృత్తి. అయితే ఈ పనిలో ఒక సంగతి మొదటనే గ్రహించవలెను. అచ్చులు ఒకసారి కొన్న ఏండ్ల తరబడి నిలుచును. వత్తి ఖర్చు స్వల్పము. సరకు ఖర్చులో పెద్దభాగము మైనమునకే పోవును. మైనము సరియైనది దొరికిన సంఘమునకు నాలుగు డబ్బులు మిగులును. తప్పు మైనము కొన్నచో వత్తులు వంగిపోవుట, పొగ చిమ్ముట, మధ్యలో ఆరిపోవుట వంటి చిక్కులు వచ్చి, అప్పు తెచ్చిన పెట్టుబడి మూలనపడును.

నేడు పట్టణములలో “సోయా మైనము” పేరు ఎక్కువగా వినబడుచున్నది. దానిని తెప్పించుకొనవలెనా, మన అడవి అంచున దొరకు తేనెమైనము వాడవలెనా, లేక అంగడిలోని మామూలు పారఫిన్ మైనముతో సరిపెట్టుకొనవలెనా అను ప్రశ్న చాలమందికి కలుగుచున్నది. దీనికి జవాబు ఏ వత్తి, ఏ ఋతువులో, ఎవరికి అమ్మదలచినారో దానినిబట్టి యుండును. ఆ వివరములు ఈ వ్యాసమున తెలుపబడినవి.

సోయా మైనమనగా నేమి?

డాల్డా మీకందరికి తెలిసినదే. నూనె ద్రవము, డాల్డా గడ్డ. ద్రవరూపములోనున్న నూనెకు హైడ్రోజన్ వాయువును పట్టించి గడ్డకట్టించు పద్ధతిని జర్మనీ దేశీయుడైన విల్‌హెల్మ్ నార్మన్ కనిపెట్టి 1902లో పేటెంటు పొందెను. ఆ పద్ధతిలో తయారైన డాల్డా మన దేశములో 1937 నుండి అమ్మకమునకు వచ్చినది. సోయా మైనము కూడ ఇదే కుదురులోనిది. సోయాచిక్కుడు నూనెకు డాల్డాకంటె హెచ్చుగా హైడ్రోజన్ పట్టించినచో అది మైనమువలె గట్టిపడును. దీనిని కొవ్వొత్తులకు వాడుట 1990 తరువాత అమెరికాలో మొదలై ఇతర దేశములకు వ్యాపించినది.

సోయాచిక్కుడు గింజలో నూనె నూటికి 18 నుండి 20 పాళ్లు మాత్రమే. మాంసకృత్తులు 40 పాళ్ల వరకు ఉండును. మన రాష్ట్రములో ఈ పంట ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలలో ఎక్కువ. ఖమ్మం ప్రాంతమున ప్రత్తి, మిరప, వరి, మామిడి, ఆయిల్‌పామ్ తోటలు ముఖ్యము. సోయా పండించినంత మాత్రమున రైతుకు మైనము చేతికి రాదు. గింజనుండి నూనె తీయుట, శుద్ధిచేయుట, నికెల్ లోహము సాయముతో ఒత్తిడిలో హైడ్రోజన్ పట్టించుట – ఇవన్నియు పెద్ద కర్మాగారములలో జరుగవలసిన పనులు. హైడ్రోజన్ సులభముగా మండు వాయువు. కనుక గింజలనుండి ఇంటివద్దనే మైనము తీయవచ్చునని చెప్పి యంత్రములు అమ్మజూపువారి మాట నమ్మరాదు. సోయా మైనము మనకు కొనుగోలు సరకే గాని పండించు సరకు కాదు.

కరగు వేడిమి – మొదట చూడవలసినది

మైనము ఎంపికలో రంగు, వాసన, పేరు వీటన్నిటికంటె ముందు చూడవలసినది అది ఎంత వేడికి కరుగునన్న సంగతి. ముఖ్యమైన మైనముల లెక్క సుమారుగా ఇట్లుండును:

గ్లాసులలో పోయు రకము సోయా మైనము – 46 నుండి 54 డిగ్రీల సెంటిగ్రేడు.
పామాయిలు స్టియరిన్ – 44 నుండి 56 డిగ్రీలు.
మామూలు కొవ్వొత్తుల పారఫిన్ – 56 నుండి 60 డిగ్రీలు.
తేనెమైనము – 62 నుండి 65 డిగ్రీలు.

ఈ అంకెలను మన ఎండలతో పోల్చి చూడుడు. కొత్తగూడెం, భద్రాచలం, ఖమ్మం ప్రాంతములలో ఏప్రిల్, మే నెలలలో నీడలోనే 45 డిగ్రీలు దాటిన రోజులు వచ్చుచుండును. రేకుల కప్పు క్రింద, మూసిన లారీలో వేడి ఇంకను ఎక్కువ. చలిదేశములలో చక్కగా నిలుచు మెత్తని సోయా మైనము మన వేసవిలో పెట్టెలోనే జారిపోవును. మైనము పూర్తిగా కరుగకపోయినను, కరగు వేడిమికి అయిదారు డిగ్రీలు దిగువననే మెత్తబడి, వేసిన సుగంధ తైలమును పైకి వదలును.

అందుచేత రెండు నియమములు పాటించవలెను. ఒకటి: గ్లాసు రకము సోయా మైనమును గ్లాసు, మట్టి ప్రమిద, కొబ్బరిచిప్ప వంటి పాత్రలలోనే పోయవలెను, అచ్చులో పోసి నిలువు వత్తులు చేయరాదు. రెండు: ఫిబ్రవరి మొదలు జూన్ వరకు ఎక్కువ నిలువ ఉంచరాదు. దసరా, దీపావళి, కార్తీకము, క్రిస్‌మస్ – ఈ వరుస పండుగల కాలమే దీనికి తగిన అదను. ఆగస్టు, సెప్టెంబరులలో మైనము తెప్పించి, పోసి, డిసెంబరు లోపల అమ్ముకొనవలెను.

సోయా మైనము కొనునప్పుడు

మన ప్రాంతమున సోయా మైనము తయారగుట లేదు. హైదరాబాదు వంటి నగరములలోని కొవ్వొత్తి సామగ్రి వర్తకులవద్ద, లేదా తపాలా, రవాణా మూలమున దూరపు వర్తకులనుండి తెప్పించుకొనవలసియుండును. డబ్బు పంపుటకు ముందు ఈ క్రింది ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితముపై వ్రాయించుకొనుడు.

1. కరగు వేడిమి ఎంత? “మంచి రకము” అను మాట చాలదు, అంకె కావలెను.

2. గ్లాసులకా, నిలువు వత్తులకా? రెండు రకములు వేరువేరు. నిలువు వత్తుల రకము గట్టిది. గ్లాసులో పోసినచో అంచులనుండి విడివడును.

3. కేవలము సోయానా, మిశ్రమమా? సోయా పేరుతో అమ్ముదానిలో పారఫిన్, పామాయిలు, కొబ్బరి మైనము కలిసియుండవచ్చును. మిశ్రమము చెడ్డదని కాదు. కొన్ని పనులకు అదే మేలు. కాని పారఫిన్ కలిసినదానికి శుద్ధ సోయా ధర ఇచ్చుట నష్టము. దానిని శుద్ధ సోయా యని కొనువారికి చెప్పుట మోసము.

4. సుగంధ తైలము నూటికి ఎంత పట్టును? సాధారణముగా 6 నుండి 10 పాళ్లు పట్టును. అంతకు మించి పోసినచో తైలము పైన చెమ్మవలె తేలును, మంట పొగచిమ్మును.

5. తయారీ గుంపు సంఖ్య సంచిపై ఉన్నదా? ఒక గుంపుకును మరియొక గుంపుకును గుణము కొంత మారును. సంఖ్య తెలిసినచో మరల అదే సరకు అడుగవచ్చును, చెడినచో వాపసు కోరవచ్చును.

6. ఇంటికి చేరుసరికి కిలో ఎంత పడును? ధర, పన్ను, రవాణా, హమాలీ అన్నియు కలిపి లెక్కించుడు.

మొదటిసారే పెద్ద సంచి కొనరాదు. ఒక కిలో మాదిరి తెప్పించి అరడజను గ్లాసులు పోసి, వారము పది దినములు ఆరనిచ్చి, వెలిగించి చూడుడు. సోయా మైనము పోసిన వెంటనే అమ్మదగినది కాదు. లోపల గడ్డకట్టి వాసన పట్టుటకు ఒకటి రెండు వారములు కావలెను.

కరగు వేడిమిని మీరే పరీక్షించవచ్చును. సన్నని గాజుగొట్టములో కొంచెము మైనము తురుమువేసి, అందులో థర్మామీటరు నిలిపి, గొట్టమును నీళ్ల గిన్నెలో ఉంచి మెల్లగా వేడిచేయుడు. తురుము తేటబడిన వేడిని గుర్తించుడు. వర్తకుడు చెప్పిన అంకెకును దీనికిని నాలుగయిదు డిగ్రీల తేడా ఉన్నచో ఆ సరకు మానుడు. గిరాకి చూచి పెద్ద ఎత్తున కొనదలచినవారు సమీప కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకునిచేత క్షార పరీక్ష చేయించుకొనుట మంచిది. నూనె జాతి మైనము క్షారముతో కలిసి సబ్బుగా మారును. పారఫిన్ మారక పైన తేలును. కల్తీ దీనితో బయటపడును.

లెక్క వేయు విధము

25 కిలోల సంచి కొన్నారనుకొనుడు. పాత్రలకు అంటుకొనుట, ఒలుకుట క్రింద నూటికి మూడు పాళ్లు పోయినచో 24 కిలోల పాతిక మిగులును. 200 మిల్లీలీటర్ల గ్లాసును మెడవరకు నింపుటకు సుమారు 160 గ్రాములు పట్టును. ఆ లెక్కన 150 గ్లాసులు వచ్చును. సంచి ఇంటికి చేరిన మొత్తము ధరను 150తో భాగించినచో గ్లాసు ఒక్కింటికి మైనము ఖర్చు తేలును. దానికి గ్లాసు, వత్తి, తైలము, పెట్టె, వంటచెరకు ఖర్చులును, మీ కూలియును కలుపవలెను. చాల సంఘములు తమ కూలిని లెక్కలోనికి తీసికొనవు. కూలి కలుపని లెక్క లాభమును చూపదు, భ్రమను చూపును.

మన అడవి మైనము

దూరమునుండి సోయా మైనము తెప్పించుకొను ముందు, మన చేతి దాపున ఉన్నదానిని చూడవలెను. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మొదలు గోదావరి కిరువైపుల అడవులలోను, 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరము, చింతూరు, వేలేరుపాడు ప్రాంతములలోను పెద్ద తేనెటీగలు ఎత్తయిన చెట్లకును కొండ చరియలకును పట్టులు పెట్టును. శాస్త్రజ్ఞులు వీనిని ఏపిస్ డార్సేటా యందురు. కోయలు, కొండరెడ్లు తరతరములుగా ఈ తేనె తీయుచున్నారు. తేనెకు ధర తెలిసినది గాని, పిండిన పిప్పిలోనున్న మైనమునకు విలువ చాలమందికి తెలియదు. పిప్పిని పారవేయుట, పొయ్యిలో వేయుట కలదు. అది సొమ్మును కాల్చుటయే.

పని ఈగ పొట్ట అడుగుననున్న గ్రంథులనుండి ఈ మైనము పొరలుగా వెలువడును. ఒక కిలో మైనము తయారగుటకు ఈగలు సుమారు 6 నుండి 8 కిలోల తేనె తినవలసియుండునని నిపుణుల లెక్క. కనుక పట్టులోని మైనము తేనెకంటె అగ్గువది కానేకాదు. పైన లెక్కించిన మైనములన్నిటిలోను ఇది ఎక్కువ వేడికి నిలుచును. కాలునప్పుడు స్వల్పముగా తేనె వాసన వచ్చును. వర్తకములో మన దేశపు ఈగల మైనమును “గెడ్డా మైనము” అందురు. ఐరోపా ఈగ మైనముకంటె దీని ఆమ్లసంఖ్య తక్కువ. అందుచేత లేపనములు చేయు కొన్ని కంపెనీలు దీనిని వేరుగా చూచును. కొవ్వొత్తికి మాత్రము ఆ భేదము అడ్డము రాదు.

సేకరణలో హక్కులు

2006 నాటి అటవీ హక్కుల చట్టము తేనెను, మైనమును చిన్నతరహా అటవీ ఫలసాయముగా పేర్కొని, వానిపై గిరిజనులకును, తరతరములుగా అడవిలో నివసించువారికిని యాజమాన్యపు హక్కు కల్పించినది. షెడ్యూల్డు ప్రాంతములలో అటవీ ఫలసాయ వ్యాపారమునకు 1979 నాటి నియమావళి కూడ కలదు. 1956లో విశాఖపట్టణమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో వేరుగా పనిచేయుచు, గిరిజనులనుండి తేనె మొదలగు ఫలసాయములను కొనుచున్నది. కనుక అడవి మైనము కొనగోరు బయటి సంఘములు ముందుగా భద్రాచలములోని ఆ సంస్థవారిని, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థను సంప్రదించవలెను. గ్రామాధికారులు ఈ సంగతి అందరికి తెలియజెప్పవలెను. ఉప్పు, చీర ఇచ్చి మైనపు ముద్ద పట్టుకొనిపోవు వ్యవహారమునకు తావీయరాదు. తూకము వేసి రొక్కమిచ్చిన సంఘమునకే మరుసటి ఏడు మంచి మైనము దొరకును.

పట్టును ఎట్లు కోయవలెను?

మంటపెట్టి ఈగలను కాల్చి మొత్తము పట్టును దించు పద్ధతి మానవలెను. అట్లు చేసినచో ఆ ఏటి తేనెతో సరి. మరుసటి ఏటికి ఈగయే ఉండదు. పెద్ద ఈగ పట్టులో తేనె పై కొమ్మును అంటియున్న ఒక పక్క మందముగా నుండును. పిల్లపురుగులు మిగిలిన భాగముననుండును. పొగతో ఈగలను తొలగించి, తేనెయున్న భాగమును మాత్రము కోసి, పిల్లలున్న భాగమును వదలినచో ఈగలు నిలిచి మరల తేనె కట్టును. మైనము విషయములోను ఇదే మేలు. తేనె గదుల మైనము లేత పసుపు రంగున శుభ్రముగా నుండును. పిల్లలు పెరిగిన పాత గదుల మైనము నల్లబడి, మురికి పట్టి, తక్కువ దిగుబడి ఇచ్చును.

మైనము తీయు విధము

పిండిన పిప్పిని చల్లని నీటిలో రెండు మూడు సార్లు కడిగి తీపి పోగొట్టుడు. ఆలస్యము చేసినచో పురుగు పట్టును. కడిగిన పిప్పిని పలుచని గుడ్డ సంచిలో కట్టి, స్టీలు లేక అల్యూమినియం గిన్నెలో నీరుపోసి సన్నని సెగపై వేడిచేయుడు. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు మైనము రంగును చెడగొట్టును. నీరు తెర్లకుండ చూచుకొనుచు సంచిని కర్రతో అదిమినచో మైనము పైకి తేలును. గిన్నెను మూతపెట్టి, గోనెపట్టా చుట్టి, రాత్రంతయు మెల్లగా చల్లారనిండు. తెల్లవారుసరికి పైన బిళ్ల కట్టును. అడుగున అంటిన మడ్డిని కత్తితో గీకివేసి, మరియొకసారి కరగించి వడకట్టినచో అమ్మదగిన మైనము సిద్ధమగును.

కల్తీని గుర్తించుట

తేనెమైనమునకు ధర ఎక్కువ గనుక పారఫిన్, కొవ్వు, గుగ్గిలము కలుపువారు కలరు. మీ చేత తీసిన శుద్ధ మైనముతో శనగగింజంత ఉండ చేసి, గాజుగ్లాసులో స్పిరిటు పోసి అందులో వేయుడు. అది మునుగును. తరువాత కొద్దికొద్దిగా నీరుపోసి కలుపుచు, ఉండ అడుగు వదలి నడుమ నిలుచువరకు చూడుడు. ఇప్పుడు కొనదలచిన మైనముతో అంతే ఉండచేసి గాలిబుడగలు లేకుండ నొక్కి, అదే ద్రవములో వేయుడు. అది కూడ నడుమ నిలిచినచో నమ్మవచ్చును. పైకి తేలినచో పారఫిన్ లేదా కొవ్వు కలిసినది. అడుగున పడినచో గుగ్గిలము వంటి బరువైన పదార్థము కలిసినది. స్పిరిటు మండు ద్రవము. పొయ్యి దగ్గర ఈ పరీక్ష చేయరాదు.

ఈగ నిలిచిననే మైనము

అడవి అంచున ప్రత్తి, మిరప, ప్రొద్దుతిరుగుడు, నువ్వు వేయు రైతులు ఒక సంగతి గమనింపవలెను. అడవిలో పట్టుపెట్టిన ఈగ మీ చేలలోని పూలమీద వాలును. పూత సమయమున ఉదయముపూట పురుగుమందు చల్లినచో వేలకొలది ఈగలు చచ్చును. మందు తప్పనిసరియైనప్పుడు ఈగలు గూటికి చేరిన సాయంకాలమున చల్లుడు. దీనివలన మైనము తీయువానికి మాత్రమే కాదు, మీకును లాభమే. ప్రొద్దుతిరుగుడు, నువ్వు, మామిడి కాపునకు ఈగ రాకపోకలు మిక్కిలి తోడ్పడును.

ఇతర మైనములు

ఇప్పనూనె ఆదినుండి ఈ ప్రాంతపు దీపములలో వాడినదే. కాని అది 30 డిగ్రీల లోపుననే కరగును గనుక ప్రమిదకు పనికివచ్చును గాని కొవ్వొత్తికి పనికిరాదు. అశ్వారావుపేట, అప్పారావుపేట కర్మాగారములలో ఆయిల్‌పామ్ గెలలనుండి ముడి నూనె తీయుచున్నారు. దానిని శుద్ధిచేసి విడదీసినప్పుడు వచ్చు గట్టి భాగమే స్టియరిన్. అది శుద్ధి కర్మాగారములవద్ద దొరకునది గాని గానుగవద్ద దొరకునది కాదు. పారఫిన్ రాతినూనెనుండి వచ్చును. అస్సాములోని నుమాలీగఢ్ శుద్ధి కర్మాగారము 2015 నుండి దీనిని పెద్ద ఎత్తున తయారుచేయుచున్నది. వెలుగు కొరకు మాత్రమే కొను చవుక వత్తులకు పారఫిన్ చాలును. సోయా ఎన్నడును పొగ రానిదని కొందరు చెప్పుదురు; అది సరికాదు. వత్తి లావైనను, గాలి తగిలినను ఏ మైనమైనను మసి పట్టించును.

కలుపుట, పోయుట

సోయా మైనమునకు నూటికి 5 నుండి 10 పాళ్లు తేనెమైనము కలిపినచో గట్టిదనము వచ్చి మన ఎండకు కొంత నిలుచును. దూరపు మైనమును మన మైనమును కలిపి వాడుటకు ఇది మంచి మార్గము. కేవల తేనెమైనముతో చేసిన నిలువు వత్తులు చర్చీలకును, కానుకలకును ఎక్కువ ధరకు పోవును.

మైనమును నేరుగా పొయ్యిపై పెట్టరాదు. పెద్ద గిన్నెలో నీరు, అందులో చిన్న గిన్నెలో మైనము ఉంచి కరగించవలెను. సోయా మైనమును 75 నుండి 80 డిగ్రీల వరకు కాచి, తైలము కలిపి, 55 నుండి 60 డిగ్రీలకు చల్లారిన పిమ్మట గ్లాసులలో పోయవలెను. పైన బూజువలె తెల్లని పొర కట్టినచో భయపడనక్కరలేదు; అది సోయా మైనపు స్వభావము, చెడిపోయిన గుర్తు కాదు. వత్తి నూలు జడవత్తియై యుండవలెను. తేనెమైనమునకు పారఫిన్ వత్తికంటె లావు వత్తి కావలెను. వెలిగించిన రెండు మూడు గంటలలో కరగిన మైనము గ్లాసు అంచువరకు చేరినచో వత్తి సరిపోయినట్లు. గుంటపడి ఆరినచో వత్తి సన్నము. మంట ఎగసి మసి వచ్చినచో లావు.

మైనము అంటుకొన్నచో నీరు చల్లరాదు. మంట పైకి ఎగసి మీదపడును. మూతపెట్టుడు, లేదా ఇసుక పోయుడు. పసిపిల్లలను పొయ్యివద్దకు రానీయకుడు.

చివరకు చెప్పవలసినది

ఈ పని ప్రారంభింపదలచినవారు వరుసగా ఇట్లు చేయుడు. మొదట ఎవరు కొందురో విచారించుడు. వేసవిలో అమ్ముటకు నిలువు వత్తులైన తేనెమైనమో పారఫినో తీసికొనుడు. చలికాలపు పండుగల గ్లాసులకు సోయా తీసికొనుడు. ఒక కిలోతో పరీక్షించి, లెక్క వ్రాసికొని, ఆ తరువాతనే సంచి కొనుడు. తేనె తీయువారు మీ ఊరి దాపుననున్నచో, సంస్థ ద్వారా వారితో ముందే మాటాడుకొని, పిప్పిని పారవేయకుండ కడిగి ఉంచుమని చెప్పుడు. నిన్నటివరకు పొయ్యిలో కాలిన పిప్పి రేపు ఒక గిరిజన కుటుంబమునకు ఉప్పు పప్పులనిచ్చును, మీ సంఘమునకు మంచి సరకునిచ్చును. సందేహములున్నవారు తమ క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారిని అడిగినచో, తగిన కార్యాలయమును తెలుపుదురు.